ఒకే వాకిట ఇద్దరు ‘దాదా’లు
కంప్యూటరు ప్రోగ్రాములో లైబ్రరీల వెర్షన్లు ఢీకొంటే ఏమవుతుంది?

కార్యాలయాలలో కంప్యూటర్లపై పని చేసే సోదర ఉద్యోగులకు చిరపరిచితమైన మాట ఒకటున్నది: “నిన్నటి దాకా బాగానే నడిచింది, ఈ రోజెందుకో మొరాయిస్తున్నది.” ప్రోగ్రాములో ఎవరూ ఒక్క అక్షరమైనా మార్చలేదు. యంత్రం చెడిపోలేదు. కొత్తగా జరిగినదల్లా అదే కంప్యూటరులో మరొక ప్రోగ్రామును చేర్చడమో, ఉన్న ప్రోగ్రాములోని ఒక భాగం స్థానంలో దాని కొత్త రూపాన్ని అమర్చడమో మాత్రమే. ఆ కొత్త భాగాన్ని విడిగా పరీక్షిస్తే అందులో దోషం కనబడదు. పాత భాగమూ ఏళ్ల తరబడి నమ్మకంగా పని చేసినదే. రెండూ మంచివే అయినప్పుడు తప్పు ఎక్కడ పుట్టినట్లు?

ఆ రెండూ కలిసే చోట పుట్టినది. ఒకే ప్రోగ్రాములోనికి ఒకే లైబ్రరీకి చెందిన రెండు వెర్షన్లు వచ్చి చేరినప్పుడు కలిగే ఘర్షణ ఇది. సాఫ్ట్‌వేర్ నిర్మాతలకు ఇది పాత శత్రువే. అయితే నేడు జీతపు చీటీ మొదలుకొని కర్మాగారంలోని కవాటాల నియంత్రణ వరకు అనేక పనులు ప్రోగ్రాముల చేతిలోనే ఉన్నందువల్ల, ఈ విషయాన్ని కేవలం కంప్యూటరు విభాగం వారికి వదలివేయడం తగదని మా అభిప్రాయం. కంప్యూటరు చదువులు చదువుతున్న మన పిల్లలకే గాక, వారి తల్లిదండ్రులకు సైతం అర్థమయ్యే రీతిలో దీనిని వివరించడానికి ప్రయత్నిస్తాము. ఉదాహరణలలో కొన్నింటిని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం నుండి, అందులోనూ తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న ఓల్డ్ సెటిల్‌మెంట్ నుండి తీసుకొంటున్నాము. పలు భాషలవారు ఒకే వాకిట మెలగే చోటు గనుక ఈ చిక్కును విడమరచి చెప్పడానికి అంతకంటె అనువైనది మాకు తోచలేదు.

లైబ్రరీ అంటే ఏమిటి?

ఇక్కడ లైబ్రరీ అంటే పుస్తకాలుండే గ్రంథాలయం అని అనుకోరాదు. ప్రోగ్రాములు వ్రాసేవారికి పదే పదే అవసరమయ్యే పనులు కొన్ని ఉంటాయి. రెండు తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కించడం, పేర్లను అకారాది క్రమంలో అమర్చడం, తెర మీద అక్షరాలను చూపడం, రహస్య సమాచారాన్ని సంకేతలిపిలోనికి మార్చడం వంటివి. ప్రతి ప్రోగ్రాముకూ ఈ పనులన్నింటినీ కొత్తగా వ్రాసుకోవడం వృథా ప్రయాస. అందువల్ల ఒకరు శ్రద్ధగా వ్రాసి, పరీక్షించి సిద్ధం చేసిన పనిముట్ల పెట్టెను అందరూ వాడుకొంటారు. ఆ పెట్టె పేరే లైబ్రరీ. అందులోని ఒక్కొక్క పనిముట్టును ఫంక్షను అంటారు. ప్రోగ్రాము ఆ ఫంక్షనును పేరు పెట్టి పిలుస్తుంది; అది తన పని చేసి ఫలితాన్ని అందిస్తుంది.

ప్రోగ్రామును లైబ్రరీతో జతపరచడమే లింకింగ్. ఇది రెండు విధాలు. మొదటిది స్టాటిక్ లింకింగ్. ఇందులో లైబ్రరీ నుండి కావలసిన భాగాలను నకలు తీసి ప్రోగ్రాములోనే కలిపివేస్తారు. ఇది వేరు కాపురం వంటిది. ఎవరి పొయ్యి వారిది, ఎవరి సామగ్రి వారిది. రెండవది డైనమిక్ లింకింగ్. ఇందులో లైబ్రరీ కంప్యూటరులో ఒకే చోట ఉంటుంది. ప్రోగ్రాము నడిచేటప్పుడు వచ్చి దానితో జతపడుతుంది. ఇది ఉమ్మడి కుటుంబపు వంటిల్లు. చోటు కలిసివస్తుంది, జ్ఞాపకశక్తి ఆదా అవుతుంది, ఒక మరమ్మతు చేస్తే అందరికీ చేసినట్లే. అయితే ఉమ్మడి వంటింట్లో ఉప్పు ఎక్కువైతే ఇంటిల్లిపాదీ అదే కూర తినవలసి ఉంటుంది.

ఇందుకు మన భాషకు సంబంధించిన ఉదాహరణే ఉన్నది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞానం’ అనే మాటలోని ‘జ్ఞా’ అక్షరం ఐఫోన్లను స్తంభింపజేస్తున్నదని ప్రపంచమంతటా వార్త పొక్కింది. కంటికి కనిపించని ఒక సంకేతాన్ని లోపల ఇముడ్చుకొన్న ఆ అక్షరరూపం సందేశంగా వచ్చి చేరితే, దానిని చూపబోయిన ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోయేది. ఒక ప్రోగ్రాము మాత్రమే కాదు, వేర్వేరు సంస్థలు తయారు చేసిన అనేక సందేశ ప్రోగ్రాములు ఒకే తీరున కుప్పకూలాయి. అక్షరాలను తెర మీద పేర్చే లైబ్రరీ వాటన్నింటికీ ఉమ్మడిది కావడమే అందుకు కారణం. అదే నెల 19వ తేదీన యాపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 వెర్షనును విడుదల చేసి ఆ లోపాన్ని సరిదిద్దింది. ఒక్క చోట మరమ్మతు జరిగితే అన్ని ప్రోగ్రాములూ ఒకేసారి కోలుకొన్నాయి. ఉమ్మడి వంటింటి కష్టమూ సుఖమూ రెండూ ఈ ఒక్క అక్షరంలో కనిపిస్తున్నాయి.

వెర్షను సంఖ్య ఒక వాగ్దానం

లైబ్రరీ ఒకసారి వ్రాసి వదిలివేసే వస్తువు కాదు. తప్పులు సరిదిద్దబడతాయి, కొత్త సౌకర్యాలు చేరుతాయి, పాతవి కొన్ని తొలగింపబడతాయి. మార్పు జరిగినప్పుడల్లా దానికి కొత్త సంఖ్య ఇస్తారు. 2.4.1 వంటి మూడంకెల పద్ధతి నేడు విస్తారంగా వాడుకలో ఉన్నది. చివరి అంకె మారితే చిన్న మరమ్మతు అనీ, నడిమి అంకె మారితే పాత వాడకానికి భంగం లేకుండా కొత్త సౌకర్యం చేరినదనీ, మొదటి అంకె మారితే పాతవారికి ఇబ్బంది కలిగించే మార్పు జరిగినదనీ అర్థం. గమనించవలసినది ఏమంటే ఈ సంఖ్య నిర్మాత ఇచ్చే మాట మాత్రమే. ఆ మాట నిలబడినదో లేదో యంత్రం తనంతట తాను తేల్చలేదు.

ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణ చూద్దాము. ఒక సంస్థలో పదవీ విరమణ లెక్కలు చేసే ప్రోగ్రాము ఉన్నదనుకొందాము. అది రెండు లైబ్రరీలను వాడుకొంటున్నది. ఒకటి నివేదికలను ముద్రించే లైబ్రరీ, రెండవది సేవాకాలాన్ని లెక్కించే లైబ్రరీ. ఈ రెండింటికీ తేదీలతో పని ఉన్నందువల్ల రెండూ మరొక తేదీల లైబ్రరీని ఆశ్రయిస్తున్నాయి. అయితే నివేదికల లైబ్రరీని వ్రాసినవారు తేదీల లైబ్రరీ 1వ వెర్షనును, సేవాకాలపు లైబ్రరీని వ్రాసినవారు 2వ వెర్షనును నమ్ముకొన్నారు. ఈ సంబంధాలను కాగితం మీద గీస్తే పైన ప్రోగ్రాము, నడుమ రెండు లైబ్రరీలు, అడుగున తేదీల లైబ్రరీతో వజ్రం వంటి ఆకారం ఏర్పడుతుంది. అందుకే సాఫ్ట్‌వేర్ రంగంలో దీనిని డైమండ్ సమస్య అంటారు. ప్రోగ్రాము వ్రాసిన మనిషి తేదీల లైబ్రరీని నేరుగా కోరనే లేదు. అతని ప్రోగ్రాములోనికి మాత్రం దాని రెండు వెర్షన్లు వచ్చి కూర్చున్నాయి.

ఓల్డ్ సెటిల్‌మెంటులో ‘దాదా’ అని పిలిస్తే

ఖరగ్‌పూర్‌ను రైల్వే పట్టణంగా తీర్చినది నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే. ఆ రైల్వేలో ఉద్యోగాల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం ప్రాంతాల నుండి తెలుగువారు పెద్ద సంఖ్యలో తరలివెళ్లారు. ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి రైల్వే క్వార్టర్ల వరుసలలో తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా కుటుంబాలు గోడకు గోడ ఆనుకొని జీవించాయి. ఇటువంటి ఉమ్మడి వాకిట నిలబడి ఎవరైనా “దాదా!” అని కేక వేస్తే ఏమవుతుంది?

బెంగాలీలో దాదా అంటే అన్నగారు. హిందీలో దాదా అంటే నాన్నగారి తండ్రి, అనగా తాతగారు. మన తెలుగువారి వాడుకలో దాదా అంటే వీధి రౌడీ. మాట ఒక్కటే, అర్థాలు మూడు. పిలిచినవారి మనసులో ఎవరున్నారన్నది గాలిలో తేలివచ్చే శబ్దానికి తెలియదు. ముందుగా ఎవరి చెవిన పడితే వారు పలుకుతారు. తమ్ముడు అన్నను పిలిస్తే పక్కింటి ముసలాయన చేతికర్ర పట్టుకొని బయటికి రావచ్చు. ఆ ఇళ్లలో ఎవరి భాషలోనూ తప్పు లేదు. ఏ ఇంటికి ఆ ఇల్లు విడిగా ఉన్నంతవరకు ఆ మాటలో అయోమయమూ లేదు. ఒకే వాకిలి పంచుకోవడం వల్లనే చిక్కు వచ్చినది.

కంప్యూటరులోనూ అక్షరాలా ఇదే జరుగుతుంది. లైనక్స్ పద్ధతిలో ప్రోగ్రాము నడవడానికి సిద్ధమైనప్పుడు లోడరు అనే సేవకుడు అవసరమైన లైబ్రరీలన్నింటినీ ఒక వరుసలో నిలబెడతాడు. ప్రోగ్రాము ఒక ఫంక్షను పేరు పలికితే, సాధారణ నియమం ప్రకారం ఆ వరుసలో మొదట ఎవరి వద్ద ఆ పేరు దొరికితే వారికే పిలుపు చేరుతుంది. తేదీల లైబ్రరీ రెండు వెర్షన్లలోనూ ఫంక్షన్ల పేర్లు ఒకటే గనుక, వరుసలో ముందున్న వెర్షను అన్ని పిలుపులకూ పలుకుతుంది. రెండవ వెర్షను జ్ఞాపకశక్తిలో చోటు ఆక్రమించి ఊరక కూర్చుంటుంది. జావా ప్రోగ్రాములలోనూ సాధారణంగా వెతికే దారిలో ముందు దొరికిన కూర్పుదే చెల్లుబాటు. విండోస్‌లో పిలుపుతో పాటు లైబ్రరీ ఫైలు పేరు కూడా నమోదై ఉంటుంది గనుక కొంత మేలు; కాని రెండు వెర్షన్ల ఫైలు పేరు ఒకటే అయినప్పుడు అక్కడా ఇదే ఇక్కట్టు.

ఒకే గొట్టం, రెండు భావాలు

పిలుపు తప్పు చిరునామాకు చేరితే కలిగే ఫలితాలు పలు రకాలు. అన్నింటిలోకి మేలైనది ప్రోగ్రాము మొదలు కాకుండానే ఆగిపోవడం. “ఈ పేరు గల ఫంక్షను లేదు” అని అది మొరపెట్టుకొంటుంది. కారణం వెతకడం సులభం. అంతకంటె చెడ్డది కొంతదూరం నడిచి నడిమధ్యలో కూలిపోవడం. ఒక వెర్షను తన ఖాతా నుండి జ్ఞాపకశక్తిలో చోటు తీసి ఇస్తుంది. దానిని మరొక వెర్షను తన ఖాతాకు జమ కట్టబోతుంది. ఒక స్టోరులో పద్దు వ్రాసి తెచ్చిన సామాను మరొక స్టోరులో తిరిగి అప్పగిస్తే రెండు చోట్లా పద్దులు తారుమారైనట్లు, ఇక్కడా లెక్కలన్నీ చెదరిపోతాయి.

అన్నింటికంటె ప్రమాదకరమైనది ప్రోగ్రాము ఎక్కడా ఆగకుండా, ఏ ఫిర్యాదూ చేయకుండా తప్పు సమాధానం ఇవ్వడం. గోల్‌బజారులో బియ్యం తూయించుకొంటున్న తెలుగు ఇల్లాలు “చాలు” అన్నదనుకొందాము. బెంగాలీలో ‘చాల్’ అంటే బియ్యం. అంగడివాడు మరికొంత తక్కెడలో పోస్తే అతని తప్పు ఏమున్నది? ఆపమన్న మాట అతనికి వేయమన్నట్లు వినిపించినది.

రైల్వే కుటుంబాల వారికి ఇంకా బాగా తెలిసిన ఉదాహరణ బ్రేకులది. పూర్వపు వాక్యూమ్ బ్రేకు విధానంలో రైలు పొడవునా ఉన్న గొట్టంలోని గాలిని ఇంజను బయటికి లాగివేస్తుంది. పాదరస మట్టంలో 53 సెంటీమీటర్ల వాక్యూమ్ నిలిచి ఉన్నంతసేపు బ్రేకులు వదులుగా ఉంటాయి. గొట్టంలోనికి గాలి జొరబడితే బ్రేకులు పడతాయి. తరువాత వచ్చిన ఎయిర్ బ్రేకు విధానం దీనికి తలక్రిందులు. గొట్టంలో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనంతో గాలి నిండి ఉంటేనే బ్రేకులు వదులుగా ఉంటాయి. గాలి వెలికిపోతే పడతాయి. గొట్టం రెండింటిలోనూ ఉన్నది, డ్రైవరు ఆజ్ఞను చివరి పెట్టె దాకా మోసుకుపోయేదీ అదే. కాని ఒకదానిలో “వదులు” అనే ఆజ్ఞ మరొకదానికి “బిగించు” అనే ఆజ్ఞ. ఈ రెండు రకాల వాహనాలను ఒకే గొట్టంతో కలిపి, రెండింటి బ్రేకులనూ ఒకే ఆజ్ఞతో నడిపించడం అసాధ్యం. ఏ బ్రేకూ లోపభూయిష్టమైనది కాదన్న సంగతి గమనార్హం. పరివర్తన కాలంలో రైల్వేలు రెండు విధానాల సామగ్రీ గల ఇంజన్లను నడిపాయి. ఇంజను రెండు రకాల రైళ్లనూ లాగగలిగినా, ఏ ఒక్క రైలులోనైనా పని చేసే బ్రేకు విధానం ఒకటే ఉండేది.

మన పదవీ విరమణ ప్రోగ్రాముకు తిరిగి వద్దాము. తేదీల లైబ్రరీ 1వ వెర్షను “05-04” అనే తేదీని రోజు, నెల అనే వరుసలో ఏప్రిల్ 5గా చదువుతుంది. 2వ వెర్షను నెల, రోజు అనే వరుసకు మారి మే 4గా చదువుతుంది. ఫంక్షను పేరు మారలేదు, దానికి అందించే సమాచారపు ఆకారమూ మారలేదు. కనుక లింకరుకు అనుమానం రాదు, లోడరుకు అనుమానం రాదు. ఒక ఉద్యోగి సేవాకాలం దాదాపు ఒక నెల పెరగడమో తరగడమో మాత్రం జరుగుతుంది. పన్నెండు దాటిన తేదీలలో పుట్టినవారి విషయంలో ప్రోగ్రాము పట్టుబడుతుంది. ఆ లోపు తేదీలవారి విషయంలో నోరు మెదపదు. ముప్పయ్యేళ్ల సేవకు ప్రతిఫలాన్ని నిర్ణయించే చోట ఈ మౌనం ఎంతటి అన్యాయానికి దారి తీయగలదో పాఠకులే ఊహించగలరు.

చరిత్రలో కొన్ని ఘట్టాలు

ఈ బెడద ఏ ఒక్క సంస్థకో, ఏ ఒక్క భాషకో పరిమితమైనది కాదు. 1990లలో విండోస్ వాడినవారికి ‘డీఎల్ఎల్ నరకం’ అనే పేరు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో కొత్త ప్రోగ్రామును కంప్యూటరులో ఎక్కిస్తే, అది తనకు కావలసిన ఉమ్మడి లైబ్రరీని తెచ్చి పాతదాని మీదనే వ్రాసివేసేది. ఒక్కొక్కసారి కొత్తదాని మీద పాతది కూడా వచ్చిపడేది. కొత్త ప్రోగ్రాము నడిచేది, అంతకు ముందున్నది మూలపడేది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నాటికి, వెర్షన్లను పక్కపక్కనే ఉంచి ఏ ప్రోగ్రాముకు ఏ వెర్షను కావాలో చీటీ వ్రాసి పెట్టే ఏర్పాటు కుదిరింది.

లైనక్స్ లోకంలో 1997 ప్రాంతంలో మూల లైబ్రరీయే ఐదవ తరం నుండి ఆరవ తరానికి మారినప్పుడు రెండు తరాల ప్రోగ్రాములూ పక్కపక్కనే నడవవలసి వచ్చింది. ఫైలు పేరులోనే తరం సంఖ్య ఉన్నందువల్ల వేర్వేరు ప్రోగ్రాములు వేర్వేరు తరాలను వాడుకోగలిగాయి. ఒకే ప్రోగ్రాములోనికి రెండు తరాలూ చేరితే మాత్రం గండమే. 1999లో వచ్చిన జీలిబ్‌సి 2.1 వెర్షనులో మరింత సూక్ష్మమైన ఉపాయం అమలుకు వచ్చింది: ఫైలుకే గాక ప్రతి ఫంక్షను పేరుకూ ఒక వెర్షను ముద్ర వేయడం.

ఆ ముద్ర విలువ 2010లో తేటతెల్లమైనది. ఫెడోరా 14 వాడేవారికి ఫ్లాష్ ద్వారా వినే పాటలలో వింత చప్పుళ్లు వినిపించసాగాయి. జ్ఞాపకశక్తిలో ఒక చోటి సమాచారాన్ని మరొక చోటికి నకలు చేసే ‘మెమ్‌కాపీ’ అనే ఫంక్షనును వేగం కోసం కొత్తగా వ్రాశారు. మూలమూ నకలూ ఒకదానిపై ఒకటి ఒరిగి ఉన్నప్పుడు ఈ ఫంక్షనును వాడరాదన్నది మొదటి నుండీ ఉన్న నియమం. ఫ్లాష్ ఆ నియమాన్ని అతిక్రమించింది. పాత మెమ్‌కాపీ నకలు చేసే దిశ వల్ల ఆ అతిక్రమణ బయటపడలేదు. దిశ మారగానే బయటపడింది. తప్పు ఎవరిదన్న వాదం వాడిగా సాగింది. నియమాన్ని చూస్తే ఫ్లాష్‌దే తప్పు. నిన్నటి దాకా పాటలు విన్నవారికి మాత్రం ఆ నియమంతో పని లేదు. చివరకు 2011లో జీలిబ్‌సి 2.14 ఒక మధ్యేమార్గం అనుసరించింది. కొత్త మెమ్‌కాపీకి కొత్త వెర్షను ముద్ర వేసి, పాత ముద్రతో పిలిచే పాత ప్రోగ్రాములకు సురక్షితమైన పాత నడవడినే అందించింది. ఒకే ఇంట ఒకే పేరుతో ఇద్దరున్నా, ‘పెద్ద’, ‘చిన్న’ అని చేర్చి పిలిస్తే తికమక లేనట్లే ఇదీ.

2015లో జీసీసీ 5 విడుదలైనప్పుడు సీ ప్లస్ ప్లస్ భాషలో అక్షరమాలికలను దాచుకొనే అమరికను మార్చవలసి వచ్చింది. అప్పుడూ పాత అమరికకు, కొత్త అమరికకు లోపలి పేర్లు వేర్వేరుగా ఉండేటట్లు చేశారు. పాతదానిని కొత్తదనుకొని వాడే ప్రమాదం పోయి, చాలా సందర్భాలలో లింకింగ్ దశలోనే తేడా బయటపడసాగింది. నిశ్శబ్దపు తప్పును శబ్దం చేసే తప్పుగా మార్చడం కూడా ఒక గొప్ప మరమ్మతే.

పరిష్కారాలు, వాటి వెల

అన్నింటిలోకి శుభ్రమైన పరిష్కారం రెండు లైబ్రరీలనూ ఒకే తేదీల వెర్షనుకు ఒప్పించడం. రైలంతా ఒకే బ్రేకు అన్నమాట. దీనికి ఆ లైబ్రరీల నిర్మాతల సహకారం కావాలి. లేదా కనీసం వాటి మూలప్రతి మన చేతిలో ఉండాలి. బయటి సంస్థ నుండి కొన్న లైబ్రరీల విషయంలో ఇది అన్ని వేళలా సాధ్యపడదు.

రెండవది పేర్లు మార్చడం. ఒక వెర్షనులోని ఫంక్షన్లన్నింటికీ ఇంటిపేరు తగిలించి, దానిని వాడే లైబ్రరీ లోపలనే దాచివేస్తారు. నేటి ప్రోగ్రామింగ్ భాషలలో కొన్ని ఈ పనిని తామే చేస్తాయి. నోడ్ ప్రోగ్రాములలో ఒక్కొక్క లైబ్రరీ తనకు కావలసిన వెర్షనును తన ఇంట్లోనే పెట్టుకోవచ్చు. రస్ట్ భాషలో పొసగని రెండు వెర్షన్లు ఒకే ప్రోగ్రాములో ఉండవచ్చు. ఒకదాని వస్తువును మరొకదానికి అందించబోతే మాత్రం ఆ భాష ముందే నిరాకరిస్తుంది. పైథాన్‌లో మాత్రం నడుస్తున్న ఒక ప్రోగ్రాముకు ఒక లైబ్రరీ ఒకే వెర్షనులో లభించడం మామూలు పద్ధతి.

మూడవది ప్రోగ్రామును రెండుగా చీల్చి, ఒక్కొక్కదానిని వేరు ప్రోగ్రాముగా నడిపి, రెండింటి మధ్య ఉత్తర ప్రత్యుత్తరాల ఏర్పాటు చేయడం. కొంత వేగం తగ్గుతుంది, కాని ఎవరి వాకిలి వారిదవుతుంది.

వేరు కాపురమే సుఖమైతే అందరినీ వేరు పెట్టవచ్చు గదా అని కొందరికి తోచవచ్చు. దాని వెల కూడా చెప్పవలసి ఉన్నది. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీలో ‘హార్ట్‌బ్లీడ్’ అనే ప్రమాదకరమైన లోపం వెల్లడైనది. దాని ద్వారా దూరాన ఉన్న దొంగ ఇతరుల కంప్యూటరు జ్ఞాపకశక్తిలోని రహస్యాలను చదవగలిగేవాడు. ఉమ్మడి లైబ్రరీని వాడిన ప్రోగ్రాములకు ఆ ఒక్క లైబ్రరీని మార్చి, వాటిని తిరిగి నడిపితే లోపం పూడింది. ఆ లైబ్రరీని తమ కడుపులో కలుపుకొన్న ప్రోగ్రాములను మాత్రం ఒక్కొక్కదానినే వెతికి, మళ్లీ తయారు చేయవలసి వచ్చింది. 2021 డిసెంబరులో జావా ప్రోగ్రాములు విరివిగా వాడే ‘లాగ్‌ఫోర్‌జే’ లైబ్రరీలో మరొక ఘోరమైన లోపం బయటపడినప్పుడు పరిస్థితి ఇంకా దుర్భరమైనది. ఆ లైబ్రరీ ఒక పెట్టెలో మరొక పెట్టె, దానిలో ఇంకొక పెట్టెగా దాగి ఉండడంతో, తమ వద్ద అది ఉన్నదో లేదో తెలుసుకోవడమే అనేక సంస్థలకు మొదటి సమస్య అయినది.

కనుక ఉమ్మడిలో కలహం ఉన్నది, వేరులో ఏమరుపాటు ఉన్నది. రెండింటిలో దేనిని ఎన్నుకొన్నా దాని బాధ్యతను ఎవరో ఒకరు మోయక తప్పదు. మా దృష్టిలో ఎన్నుకొనే సూత్రం ఇది. రెండు భాగాల మధ్య చేతులు మారే వస్తువుకు, అంటే తేదీ, మొత్తం, ఉద్యోగి వివరాల వంటి వాటికి సంబంధించిన లైబ్రరీ ప్రోగ్రామంతటికీ ఒకే వెర్షనులో ఉండవలెను. ఒక భాగం లోపలనే వాడుకొని, బయటికి ఎన్నడూ పొక్కని లైబ్రరీని విడిగా ఉంచుకోవచ్చును. అయితే దాని మరమ్మతుల మీద కన్ను వేసి ఉండే మనిషి పేరు కాగితం మీద ఉండవలెను.

ముందే ఆపగలగాలి

ఖరగ్‌పూర్ స్టేషనులో 2017 నవంబరులో కంప్యూటరు ఆధారిత ఇంటర్‌లాకింగ్ విధానం ప్రారంభమైనది. సుమారు 800 మార్గాలను అది నియంత్రించగలదు. ఇంటర్‌లాకింగ్ మూలసూత్రం చాలా సరళమైనది. ఒక రైలుకు మార్గం ఖాయం చేసిన తరువాత, దానిని ఖండించే మరొక మార్గాన్ని కోరితే యంత్రం ఒప్పుకోదు. రెండు రైళ్లు ఎదురెదురుగా వచ్చిన తరువాత డ్రైవర్లు చూసుకొంటారులే అని వదిలివేయదు. ఘర్షణను పట్టాల మీద గాక, మార్గాన్ని కోరే దశలోనే పట్టుకొంటుంది.

లైబ్రరీల విషయంలోనూ ఈ సూత్రమే శిరోధార్యం. వెర్షన్ల ఘర్షణ ప్రోగ్రామును కట్టే దశలోనే బయటపడితే అది ఒక ఇంజనీరు సాయంకాలాన్ని మాత్రమే పాడు చేస్తుంది. నడిచే దశలో బయటపడితే ఒక షిఫ్టును పాడు చేస్తుంది. ఎన్నటికీ బయటపడకపోతే పదవీ విరమణ చేసినవారి లెక్కలను, నియంత్రణ గదిలోని సూచికలను పాడు చేస్తుంది. ఒకే పేరు రెండు చోట్ల కనిపిస్తే లింకరు ఇచ్చే హెచ్చరికలను అణచివేయకుండా చదవడం, ప్రోగ్రాములోని లైబ్రరీల జాబితాను ప్రతి విడుదలకు ముందు యంత్రం చేత సరిచూపించడం, వెర్షన్ల సంఖ్యలను ఒక ఫైలులో బిగించి ఉంచి అందరి కంప్యూటర్లలోనూ అవే వాడడం ఇందుకు సాధనాలు. వీటితో పాటు, సమాధానం ముందే తెలిసిన కొన్ని పాత లెక్కలను కొత్త కూర్పుతో మళ్లీ చేయించి సరిపోల్చడం అత్యవసరం. మౌనంగా ఉండే తప్పును పట్టగలది ఈ చివరి పరీక్ష మాత్రమే.

ప్రభుత్వరంగ సంస్థల వారికి ఇందులో మరొక కర్తవ్యం కూడా ఉన్నది. మనం వాడే ప్రోగ్రాములలో పెక్కు బయటి నుండి కొన్నవే. ఒక పంపును కొన్నప్పుడు దాని బేరింగుల నంబరు, సీలు రకం, విడిభాగాల పట్టిక అడిగి తీసుకొంటాము. ప్రోగ్రాము కొన్నప్పుడు మాత్రం అందులో ఏయే లైబ్రరీలు ఏయే వెర్షన్లలో ఉన్నాయని అడిగే అలవాటు నిన్న మొన్నటి దాకా లేదు. భారత ప్రభుత్వపు కంప్యూటరు భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో ఇటువంటి విడిభాగాల పట్టిక గురించి సాంకేతిక మార్గదర్శకాలను వెలువరించింది. ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థలను, అత్యవసర సేవలను ప్రత్యేకించి దృష్టిలో ఉంచుకొన్న మార్గదర్శకాలవి. టెండరు పత్రంలో ఆ పట్టికను కోరడానికి ఒక్క వాక్యం చాలు. సరఫరాదారు దానిని ఇవ్వలేకపోతే, తన వస్తువులో ఏమున్నదో అతనికే తెలియదని మనకు ముందే తెలిసిపోతుంది.

ఇంజనీరింగు చదివే యువతీయువకులకు ఒక సూచన. కళాశాలలో ప్రోగ్రాము వ్రాయడం నేర్పుతారు. ఇతరులు వ్రాసిన పది భాగాలను పొసగేటట్లు కూర్చడం ఎక్కువగా ఉద్యోగంలోనే నేర్చుకోవలసి వస్తున్నది. మీరు వాడే లైబ్రరీ ఏ ఏ లైబ్రరీల మీద ఆధారపడి ఉన్నదో ఒకసారి వజ్రపు బొమ్మ గీసి చూడండి. అడుగున ఒకే పేరు రెండు అంకెలతో కనిపిస్తే అక్కడ ఆగి ఆలోచించండి. మీరే లైబ్రరీ వ్రాసే స్థితికి ఎదిగినప్పుడు, ఒక ఫంక్షను అర్థాన్ని మార్చవలసి వస్తే దాని పేరును కూడా మార్చండి. పాత పేరుకు పాత అర్థాన్నే ఉండనివ్వండి. మీ ముఖం కూడా ఎరుగని వేలాదిమంది ఆ పేరును నమ్ముకొని ఉంటారు. మీరు వారికిచ్చిన మాట ఆ పేరే.